నలభై ఎనిమిది గంటలు

2025 జనవరి 6, సోమవారం

రిటర్నుల కాలం మళ్ళీ వచ్చింది. ఫ్యాక్టరీల వార్షిక రిటర్నులన్నీ ఈ నెల 31 లోపు మా జిల్లా ఫ్యాక్టరీల శాఖ ఆఫీసుకు చేరాలి. ఎంతమంది పనివాళ్ళు, అందులో ఆడవాళ్ళెందరు, ఎన్ని రోజులు నడిచింది, ఎన్ని గంటల పని జరిగింది... గడి తర్వాత గడి ఎక్కించుకుంటూ పోతాను. ప్రమాదాల గడి దగ్గరికి వచ్చేసరికి చాలావాటిలో ఒకటే మాట: 'నిల్'.

ఈ రోజు చూసినవాటిలో ఒక ఫౌండ్రీ ఉంది. ఇనుము కరిగించి అచ్చుల్లో పోసే చోటు. మూడు షిఫ్టులు నడుస్తుంది. మూడేళ్ళుగా నిల్. గ్యాసు పొయ్యి దగ్గర నిలబడే మాకే నెలకోసారి చెయ్యి కాలుతుంది. అక్కడ మూడేళ్ళలో ఏ ఒక్కరికీ రెండు రోజులు ఇంట్లో ఉండాల్సినంత దెబ్బ తగల్లేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. అయినా ఎక్కించాను. కాగితం మీద ఉన్నది ఎక్కించడమే నా సీటు పని.

పదమూడేళ్ళ సర్వీసులో ఎన్ని నిల్‌లు ఎక్కించానో! సాయంత్రం వస్తూ ఈ నోటుబుక్కు కొన్నాను. ఫైల్లో గడి లేని సంగతులు ఇందులో రాసుకుంటాను.

జనవరి 9, గురువారం

టపాలో ఒక ఫారం 18 వచ్చింది. ప్రమాద నోటీసు. పవర్ ప్రెస్ మీద పనిచేసే కుర్రాడు, ఇరవై రెండేళ్ళు, కుడి చేతి వేళ్ళు. కారణం అన్న చోట 'పనివాని అజాగ్రత్త' అని ఉంది. ప్రెస్‌కు గార్డు ఉందా, ఉంటే ఎవరు తీశారు, ఎందుకు తీశారు, ప్రమాదం జరిగేటప్పటికి అతను ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నాడు? ఇవన్నీ ఆ రెండు మాటల కింద పడి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ సార్ వెళ్ళి చూస్తే తప్ప పైకి రావు.

ఈ నోటీసుకు ఆధారం 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్. మనిషి చనిపోయినా, దెబ్బ తగిలాక 48 గంటలు గానీ అంతకు మించి గానీ పని చేయలేకపోయినా మేనేజర్ నోటీసు పంపాలి. ఎక్కడో ఒకచోట గీత గీయాల్సిందే. లేకపోతే గీసుకుపోయిన ప్రతి వేలికీ ఒక కాగితం కావాలి. కానీ ఈ గీతకు ఇవతలే ఆగాలంటే గాయం చిన్నదై ఉండనక్కర్లేదు. సెలవు చిన్నదైతే చాలు. ఒక టైమ్‌కీపర్ నాకు చెప్పాడు: కట్టు కట్టించి, మర్నాడే ఆటోలో తీసుకొచ్చి, గేటు పక్కన కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేస్తారట. కూలి పోకుండా ఉంటుందని దెబ్బ తిన్నవాడూ వస్తాడట. దాచే సంగతిలా చెప్పలేదు. క్యాంటీను వేళలు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

అలా కుర్చీలో కూర్చున్నవాడు మా లెక్కలో ఆ రోజంతా పనిచేసినట్టే.

జనవరి 12, ఆదివారం

పండక్కి నాయిన దగ్గరికి వచ్చాను, బాలానగర్. గల్లీ అంతా ముగ్గులు. నాయిన అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. కుడి చేతికి చూపుడు వేలు, మధ్య వేలు లేవు. 1994లో ఇక్కడే ఒక చిన్న ప్రెస్ షాపులో పోయాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

అక్కడ పదకొండు మంది పనిచేసేవారు. మస్టర్‌లో తొమ్మిది పేర్లుండేవి. కరెంటుతో పని నడిచే చోట పది మంది ఉంటే చట్టం దాన్ని ఫ్యాక్టరీ అంటుంది. తొమ్మిది మందైతే అనదు. ఆ తొమ్మిదిలో నాయిన పేరు లేదు.

"సేటు మంచోడే బిడ్డా. దవాఖాన పైసలు ఆయనే కట్టిండు. పదిహేను రోజుల కూలి గూడ ఇచ్చిండు." చిన్నప్పట్నుంచీ విన్న మాటే. దవాఖాన చీటీ మీద ఏం రాశారో ఇవాళ మొదటిసారి అడిగాను.

"ఇంట్ల తలుపు సందుల పడ్డయని రాపిచ్చిండు. నేను ఊకున్న. మల్ల పనికి పోవాలె గద."

రాత్రి నష్టపరిహార చట్టం తీసి చూశాను. 1923 నాటిది. వెనక షెడ్యూల్లో చేతిని గణుపు గణుపుగా కొలిచి పెట్టారు. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం. ఒక చేతికి నాలుగు వేళ్ళు పోతే 50. రెండు వేళ్ళు పోతే 20. నాయిన వేళ్ళకు ఇంత అని చట్టం అవి పోకముందే రాసి పెట్టుకుంది. ఆయన పేరు మస్టర్‌లో ఎక్కలేదు, దవాఖాన చీటీలో తలుపు సందు ఎక్కింది. ఆ ఏటి దేశం లెక్కలో ఆ రెండు వేళ్ళు ఎక్కడా లేవు.

జనవరి 21, మంగళవారం

మా లెక్క ఎక్కడికి పోతుందో ఇవాళ కొత్తగా చేరిన అమ్మాయికి చెప్పాను. చెబుతుంటే నాకే మళ్ళీ కొత్తగా అనిపించింది.

ఫ్యాక్టరీ నుంచి మాకు. మా నుంచి రాష్ట్ర డైరెక్టరేట్‌కు. రాష్ట్రాల నుంచి కేంద్ర కార్మిక శాఖకు. ఫ్యాక్టరీల భద్రత చూసే కేంద్ర డైరెక్టరేట్ జనరల్ ముంబైలో ఉంది. లేబర్ బ్యూరో చండీగఢ్, సిమ్లాల నుంచి పనిచేస్తుంది. ఏ రాష్ట్రమైనా పట్టిక పంపకపోతే ఆ ఏటి అచ్చు పుస్తకంలో దాని గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ పక్కనే దేశం మొత్తం అని ఒక అంకె ఉంటుంది.

ఇదంతా ఫ్యాక్టరీల వరకే. సింగరేణి బావిలో పైకప్పు కూలితే ఆ లెక్క ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్‌కు పోతుంది. భవన నిర్మాణంలో సెంట్రింగ్ మీద నుంచి పడితే వేరే చట్టం, వేరే శాఖ. ఎవరైనా చనిపోతే పోలీసులు రాసుకున్నది జాతీయ నేర గణాంకాల సంస్థకు చేరి, ఏటా వచ్చే వాళ్ళ పుస్తకంలో 'ఫ్యాక్టరీ, యంత్ర ప్రమాదాలు' అన్న వరసలో కూర్చుంటుంది. ఒకే చావు రెండు మూడు పుస్తకాల్లో ఉండొచ్చు. ఆ పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూసే పని మాత్రం ఎవరి సీటుకూ రాయలేదు. ఇక పొలంలో నూర్పిడి మిషన్లో చెయ్యి పోయిన కూలీ, మోటారు దగ్గర షాక్ కొట్టిన రైతు, ఇంట్లో కుట్టు మిషను మీద పీస్‌రేటుకు కుట్టే ఆమె, వీళ్ళు మా వరసల్లోకి రావడానికి దారే లేదు.

ఆ అమ్మాయి చురుకైనది. కేంద్రం అంకెలు చూపిస్తే వెంటనే వేలు పెట్టి అడిగింది. 2017 నుంచి 2020 దాకా రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో రోజుకు సగటున ముగ్గురు చనిపోయారు, పదకొండు మందికి గాయాలయ్యాయి. "అక్కా, ముగ్గురు చచ్చిపోతే పదకొండు మందికేనా దెబ్బలు తగిలింది?"

ఆ ప్రశ్నతోనే పడుకున్నాను. నిద్ర రాలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఆదివారమంతా బయటి దేశాల లెక్కలు చదివాను.

అమెరికాలో 2023లో పని ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 5,283 మంది. అదే ఏడు ఒక్క ప్రైవేటు రంగంలోనే గాయాలు, జబ్బులు కలిపి దాదాపు 26 లక్షలు. అంటే ఒక చావుకు అయిదు వందలకు దగ్గర దెబ్బలు. ప్రపంచం మొత్తానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019కి వేసిన అంచనాలో ప్రమాద మరణాలు 3,30,000. ప్రాణం పోని గాయాలు 39 కోట్ల 50 లక్షలు. ఒకటికి వెయ్యికి పైనే. మన దగ్గర ఒకటికి నాలుగు కూడా లేవు.

మన యంత్రాలేమీ దయగలవి కావు. చావును దాచడం కష్టం: శవం ఉంటుంది, పంచనామా ఉంటుంది, గేటు ముందు ఏడ్చే మనుషులుంటారు. వేలును దాచడం తేలిక.

వాళ్ళు ఎలా లెక్కపెడతారో చూశాను. అమెరికాలో 1992 నుంచి చావుల లెక్క విడిగా జరుగుతోంది. మరణ ధ్రువపత్రాలు, పరిహారం ఫైళ్ళు, పోలీసు నివేదికలు, పత్రికల వార్తలు తెచ్చి పోల్చుకుంటారు. ఆ చావు పని వల్లే అని కనీసం రెండు ఆధారాలు చూసుకుని ఎక్కిస్తారు. ఏ ఒక్క కాగితం మీదా భారం వేయరు.

బ్రిటన్ లెక్క దగ్గర ఆగిపోయాను. 2023–24లో యజమానులు నోటీసులు పంపిన గాయాలు 61,663. అదే ఏడాదికి ఇంటింటి సర్వేలో పనివాళ్ళనే 'పనిలో మీకు దెబ్బ తగిలిందా' అని అడిగి వేసిన అంచనా 6,04,000. పది దెబ్బలకు యజమాని నోటీసులో కనబడేది ఒక్కటి. అక్కడి గీత మన గీత కంటే దూరం, చాలా గాయాలకు ఏడు రోజులు దాటాలి. కొంత తేడా దాని వల్ల. కానీ ఆ సర్వేలో ఏడు రోజులు దాటినవి మాత్రమే తీసుకున్నా నోటీసులు చాలవని వాళ్ళ ప్రభుత్వ సంస్థే ఒప్పుకుని, రెండు అంకెలూ పక్కపక్కన అచ్చేస్తుంది.

ఇన్నేళ్ళ నా సందేహానికి జవాబు దొరికినట్టయింది. లెక్క అంటే ఎవరినో అడిగిన ప్రశ్నకు జవాబు. మనం అడుగుతున్నది మేనేజర్‌ని. దెబ్బ తగిలినవాడిని అడగడం లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

ఒక పెద్ద కంపెనీ భద్రతాధికారి రిటర్నుతో పాటు రేట్ల పట్టిక జత చేశాడు. పద్ధతైన మనిషి. మన ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం వేశాడు. పది లక్షల పని గంటలకు ఎన్ని గాయాలో ఒక రేటు. ఎన్ని పనిదినాలు పోయాయో ఇంకో రేటు. ఆ రెండో దానిలో చావును 6,000 పనిదినాలుగా లెక్కిస్తారు. ఏడాదికి మూడు వందల రోజుల చొప్పున ఇరవై ఏళ్ళ పని.

మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఒక ప్రాణానికి ఇన్ని రోజులా అని. ఇప్పుడు దాని అవసరం తెలుస్తోంది. చావుకు సెలవు రోజులు ఉండవు గనక, ఏదో ఒక బరువు పెట్టకపోతే లెక్కలో అది సున్నా రోజులవుతుంది. రెండు రోజుల వాపు కంటే చావు తేలికగా కనబడుతుంది. అంకె కటువుగా ఉన్నా మనిషి పక్షానే నిలబడింది.

ఆ కంపెనీ రేటు పక్క కంపెనీల కంటే ఎక్కువగా ఉంది. వాళ్ళ దగ్గర ఎక్కువ దెబ్బలు తగులుతున్నందుకు కాదని నా నమ్మకం. వాళ్ళు రాస్తున్నారు.

మార్చి 18, మంగళవారం

ధైర్యం చేసి సూపరింటెండెంట్ సార్‌కి నోట్ పెట్టాను. ఈఎస్‌ఐ వాళ్ళకు వచ్చే ప్రమాద రిపోర్టులతో మన ఫారం 18లను పోల్చి చూద్దామని.

ఈఎస్‌ఐలో పనిలో దెబ్బ తగిలితే సెలవు రోజులకు జీతంలో 90 శాతం కార్పొరేషన్ ఇస్తుంది. ఆ డబ్బు రావాలంటే రిపోర్టు ఉండాలి. కాబట్టి పనివాడు అడుగుతాడు, ఫ్యాక్టరీ రాస్తుంది. మా నోటీసు పంపితే వచ్చేది ఇన్‌స్పెక్టర్. అదే దెబ్బ, అదే మేనేజర్. ఒక కాగితం వెంట డబ్బు వస్తుంది, ఇంకో కాగితం వెంట విచారణ వస్తుంది. ఏది ముందు బయల్దేరుతుందో చెప్పనక్కర్లేదు. ఈఎస్‌ఐ కూడా అందరినీ పట్టదు. నెల జీతం 21,000 దాటితే లేదు, కాంట్రాక్టరు పేరు నమోదు చేయించకపోతే లేదు. అయినా ఇంకో వైపు నుంచి వచ్చే వెలుతురు అది.

సార్ చాలాసేపు నోట్ చదివారు. "మనకి ఆ అధికారం ఉందామ్మా?"

"అడిగి చూద్దాం సార్. ఇవ్వకపోతే మానేద్దాం."

సంతకం పెట్టారు.

ఏప్రిల్ 16, బుధవారం

జాబితా వచ్చింది. మా రిజిస్టరుతో పేరు పేరునా చూసుకుంటూ పోయాను. మా దగ్గర లేని పేర్లు తగిలాయి. అందులో ఒకటి ఒడిశా కుర్రాడిది. పోయిన నవంబరులో ప్లాస్టిక్ మౌల్డింగ్ మిషన్లో ఎడమ అరచెయ్యి నలిగింది. ఆ ఫ్యాక్టరీ రిటర్నులో నిల్. నా చేత్తో ఎక్కించిందే.

ఇన్‌స్పెక్టర్ సార్ వెళ్ళారు. మిషన్ తలుపు తెరిస్తే దానంతట అది ఆగిపోయే ఏర్పాటును తీగతో కట్టేసి నడుపుతున్నారట. నోటీసు ఆలస్యంగానైనా వచ్చింది. తీగ తీయించారు. మా జిల్లా లెక్కలో ఒకటి పెరిగింది.

సూపరింటెండెంట్ సార్ దిగులు పడ్డారు. "ఇలా పోతే మన జిల్లాలో ప్రమాదాలు పెరిగాయని పైనుంచి మెమో వస్తుంది." ఆ దిగులు న్యాయమైనదే. అంకె తగ్గితే మెచ్చుకుంటారు, పెరిగితే సంజాయిషీ అడుగుతారు. ఆ తీరు మారకపోతే ఫ్యాక్టరీ గేటు నుంచి ఢిల్లీ దాకా ప్రతి మెట్టు మీదా తగ్గించి రాయాలన్న కోరికే మిగులుతుంది. పెరిగింది ప్రమాదాలు కావు, మనకు తెలిసినవి అని కవరింగ్ లెటర్లో ఒక పేరా రాసి ఇచ్చాను. సార్ ఒక్క మాట మార్చకుండా పంపారు.

రాత్రి ఫోన్లో నాయినకు చెప్పాను. ఆయన అడిగింది ఒకటే. "ఏ చెయ్యి?" ఎడమది అన్నాను. "పని చేసుకుంటడు తియ్" అన్నాడు. చాలాసేపు ఫోన్ పెట్టలేదు.

జులై 2, బుధవారం

మొన్న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీలో పేలుడు. రెండు రోజులుగా ఆఫీసులో ఎవరూ మామూలుగా లేరు. పొద్దున ఒక సంఖ్య, మధ్యాహ్నానికి ఇంకో సంఖ్య, రాత్రికి మరొకటి. ఆస్పత్రి బయట ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు రక్తం ఇచ్చి కూర్చున్నారు, డీఎన్‌ఏ సరిపోతే తప్ప శవం ఎవరిదో చెప్పలేరు.

ఇంత పెద్ద చావును ఎవరూ దాచలేరు. దేశమంతా చూసింది. అక్కడ కూడా ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటే: ఆ పూట లోపల ఎవరెవరున్నారు? మస్టర్ అన్నది జీతాల కోసమే అనుకుంటాం. ఇలాంటి రోజున అదే మనిషి ఉన్నాడనడానికి సాక్ష్యం.

ఆగస్టు 10, ఆదివారం

పాశమైలారం మృతులు మొత్తం 54 మంది అన్నారు. అందులో 8 మంది ఆనవాలే దొరకలేదు. ఇంట్లోవాళ్ళు దహనం చేయడానికి ఏమీ లేని ఎనిమిది ఇళ్ళు.

ఇవాళ మనసు ఇంకో లెక్క మీదికి పోయింది. గాయానికి తేదీ ఉంటుంది, గంట ఉంటుంది. రోగానికి ఉండదు. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్లో 29 రోగాలున్నాయి: సీసం విషం, సిలికోసిస్, ఆస్బెస్టోసిస్ లాంటివి. అవి కనబడితే మేనేజరే కాదు, వైద్యం చేసిన డాక్టరు కూడా చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కి రాయాలని 89వ సెక్షన్. నా పదమూడేళ్ళలో అలా డాక్టర్ రాసిన ఉత్తరం నా టేబుల్ మీదికి రాలేదు. రాతి పొడి పీల్చి దగ్గేవాడికి ముందు టీబీ మందులే ఇస్తారు. అతను అప్పటికి పని మానేసి ఊరు చేరి ఉంటాడు.

2019లో పని వల్ల పోయిన ప్రాణాలు ప్రపంచంలో 29 లక్షల 30 వేలని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. వాటిలో 26 లక్షలు రోగాల వల్లే. మేము ఎక్కించే గడులన్నీ మిగిలిన చిన్న భాగానివి. అవి కూడా సగం నిల్.

నవంబర్ 23, ఆదివారం

మొన్న 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఆఫీసులో రెండు రోజులుగా అదే మాట. కరెంటుతో నడిచే చోట ఇక 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. నాయిన షాపులాంటివి మస్టర్ సరిగ్గా రాసినా ఆ పేరు కిందికి రావు. అయితే ప్రమాద నోటీసు బాధ్యత పది మంది ఉన్న సంస్థలన్నిటికీ పెట్టారు. ఫ్యాక్టరీ కాకపోయినా సంస్థ అయితే రాయాలి. దుకాణాలు, గోదాములు కూడా. నిజంగా పట్టించుకుంటే లెక్క పెద్దదవుతుంది. 48 గంటల గీత అక్కడే ఉంది. రాయాల్సిందీ యజమాని లేదా మేనేజరే.

మధ్యాహ్నం నాయిన దగ్గరికి వచ్చాను. గల్లీ మొగన టీ కొట్టు దగ్గర ఆయన పాత జతగాళ్ళు కూర్చున్నారు. ప్రెస్, లేత్, బఫింగ్, పోతపని చేసి దిగినవాళ్ళు. బెంచీ మీద జాగా ఇచ్చారు. బ్రిటన్ సర్వేలోని ప్రశ్ననే మన మాటల్లో అడిగాను: "పెదనాయినా, పని జేసేటప్పుడు ఎప్పుడన్న దెబ్బ తగిలిందా?"

ఒకాయన చొక్కా చెయ్యి పైకి లాగాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ. ఇంకొకాయన ఎడమ కంటి రెప్ప ఎత్తి చూపించాడు, గ్రైండింగ్ రవ్వ. లేత్ మీద చేసినాయనకు బొటనవేలు పై గణుపు లేదు. నోటుబుక్కు తీసి అడిగినవి రాసుకున్నాను. ఏ ఏడు, ఏ మిషన్, ఏ చెయ్యి, ఎన్ని రోజులు పనికి పోలేదు, దవాఖానలో ఏమని రాశారు. చివరి ప్రశ్నకు జవాబులు: మెట్ల మీద నుంచి పడ్డాడు. బండి మీద నుంచి పడ్డాడు. పొయ్యి మీద పడ్డాడు. సాయంత్రానికి ఏడుగురయ్యారు. ఏడుగురిలో ఒక్కరి దెబ్బకూ నోటీసు పోలేదు.

ఇది గణాంకం కాదు. ఒక గల్లీ, ఒక టీ కొట్టు, ఒక మధ్యాహ్నం. దీన్ని ఏ పట్టికలోనూ కలపలేను. కానీ అడిగితే చెబుతారని ఇప్పుడు నాకు ఖాయంగా తెలుసు. చెప్పడానికి ఎవరూ సిగ్గుపడలేదు, ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు. కాలిన చేతి పెద్దాయన మాత్రం నేను రాసిన వరస తనకు చదివి వినిపించమన్నాడు. సంవత్సరం తప్పు పడిందని దిద్దించాడు.

ఆఖరున నాయిన వరస రాశాను. 1994, పవర్ ప్రెస్, కుడి చెయ్యి, చూపుడు వేలు, మధ్య వేలు. ఎన్ని రోజులు అని అడిగాను. "పదిహేను" అని, కాసేపాగి, "పదిహేడు. రెండు దినాల కూలి రాలె" అన్నాడు.

చీకటి పడి లేచేటప్పుడు వెనక నుంచి పిలిచాడు. "బిడ్డా, వచ్చే ఐతారం గూడ రా. ఫతేనగర్‌ల ఇంకో ఇద్దరున్నరు. నేను తీస్కొస్త."